నాట్ 20 పడితే రాతిమీది రాత చదివేయొచ్చా? స్కిల్ చెక్‌ల హౌస్ రూల్స్, లెక్కలతో సహా

పోయిన నెల ఒక ఆదివారం తిరుపతిలో మా మిద్దె మీద డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీఎన్‌డీ) ఆట ముప్పావు గంట ఆగిపోయింది, దానికి కారణం 20 ముఖాల డైస్ మీద పడిన ఒకే ఒక్క 20, అంటే నాట్ 20. కథలో మావాళ్ళు ఒక పాత కోటలో దూరినారు (మా డీఎం, అంటే కథ నడిపేవాడు, ఆ మ్యాప్ అంతా చంద్రగిరి రాజమహల్ చూసొచ్చి గీసిందే, అది వేరే సంగతి), అక్కడ గోడ మీద ఎవరికీ తెలీని లిపిలో ఒక శాసనం ఉంది. మా మంత్రగాడు, అంటే విజార్డ్, పుట్టినప్పట్నుంచీ ఇట్లాంటి లిపులే చదువుకున్న మనిషి, డైస్ వేస్తే 3 పడింది, చదవలేకపోయినాడు. సరేలే అనుకుంటా ఉంటే పక్కన గొడ్డలి భుజాన పెట్టుకోని నిలబడిన బార్బేరియన్, తన పేరు తను రాసుకోవడం కూడా రానోడు, "నేనూ ఒకసారి చూస్తా మామా" అని డైస్ విసిరినాడు. 20!

సగం మంది లేచి చప్పట్లు, సగం మంది "రేయ్, అదెట్ల కుదురుతుంది రా" అని. ఆ బార్బేరియన్‌ని ఆడే మావాడు బాల్డర్స్ గేట్ 3 వీడియో గేమ్ ఆడి మా దగ్గరికొచ్చినోడు, దాంట్లో 20 పడితే పని అయిపోయినట్టే. మంత్రగాణ్ణి ఆడేవాడు రూల్స్ పుస్తకం చదివి వచ్చినోడు, దాంట్లో అట్ల లేదు. ఇద్దరూ వాళ్ళు నేర్చుకున్న చోట కరెక్టే.

ఇది మా ఒక్క మిద్దె గొడవే కాదు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో పుట్టింది, ఇప్పుడు ఎక్కువమంది ఆడే ఐదో ఎడిషన్ 2014లో వచ్చింది, దాన్నే సవరించి 2024లో మళ్ళీ వేసినారు, మధ్యలో 2023లో ఆ వీడియో గేమ్, ఇవి చాలవన్నట్టు యూట్యూబ్‌లో ఆడే గ్రూపులు ఒక్కోటి ఒక్కో రకంగా ఆడతా ఉంటాయి, వీటన్నిట్లో నుంచి తలా ఒక చోట నేర్చుకున్న ఐదుగురు ఒక చాప మీద కూర్చుంటే ఏది పుస్తకం రూలు, ఏది హౌస్ రూలు, అంటే ఆడేవాళ్ళు సొంతంగా పెట్టుకున్నది, ఏది ఎవరికో కలలో వచ్చింది అనేది ఎవరికీ తెలీదు. కాబట్టి మొదట్నుంచి వద్దాం.

స్కిల్ చెక్ అంటే అసలు ఏంది

ఈ ఆటలో ఒకరు కథ నడుపుతారు, ఆయన్ని డీఎం అంటాం. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. మీ పాత్ర ఏం చేస్తుందో మీరు నోటితో చెప్తారు, "తలుపు తీస్తా" అంటే తీసినట్టే, దానికి డైస్ ఏమీ వేయక్కర్లేదు. ఆ పని అవుతుందో లేదో అనుమానంగా ఉన్నప్పుడు, అవ్వకపోతే ఏదో ఒక నష్టం ఉన్నప్పుడు మాత్రమే డీఎం చెక్ వేయమంటాడు. అప్పుడు 20 ముఖాల డైస్ ఒకటి వేసి, పడిన దానికి మీ పాత్ర మాడిఫయర్ కలిపి, డీఎం మనసులో పెట్టుకున్న డీసీ అనే అంకెని అందుకున్నారా లేదా చూస్తారు. సమానం వచ్చినా పాసే.

ఐదో ఎడిషన్‌లో డీసీ 5 అంటే చాలా ఈజీ, 10 ఈజీ, 15 మధ్యరకం, 20 కష్టం, 25 చాలా కష్టం, 30 అంటే దాదాపు అవ్వని పని. మాడిఫయర్ రెండు చోట్ల నుంచి వస్తుంది. బలం, తెలివి లాంటి ఆరు గుణాలు ఉంటాయి, గుణం 10 ఉంటే సున్నా, 18 ఉంటే +4, 8 ఉంటే -1. దాని మీద ఆ స్కిల్‌లో ట్రైనింగ్ ఉంటే, అంటే ప్రొఫిషియన్సీ ఉంటే, లెవెల్‌ని బట్టి +2 నుంచి +6 దాకా కలుస్తుంది. మొత్తం 18 స్కిల్స్, గోడలెక్కేది, దొంగగా నడిచేది, చరిత్ర గుర్తుచేసుకునేది, బేరమాడేది, ఇట్ల.

మా కోటకే వద్దాం. మా మంత్రగాడు ఐదో లెవెల్, తెలివి 18, కాబట్టి +4, ట్రైనింగ్‌కి +3, మొత్తం +7. శాసనం డీసీ 20. అంటే డైస్ మీద 13 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడాల, 20 ముఖాల్లో 8 ముఖాలు, 40 శాతం. బార్బేరియన్ తెలివి 8, మాడిఫయర్ -1, వాడికి 20 పడినా మొత్తం 19. పుస్తకం ప్రకారం వాడి ఛాన్స్ సున్నా.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి, తర్వాత అన్నిట్లో ఇదే వస్తుంది. ఒక చెక్‌లో ముగ్గురికి వాటా ఉంటుంది. ఒకటి డైస్, అంటే అదృష్టం. రెండోది పాత్ర, అంటే పేపర్ మీది అంకెలు. మూడోది ఆడే మనిషి, వాడి నోరు, వాడి ఐడియా. ఏ హౌస్ రూల్ తీసుకున్నా ఈ ముగ్గురిలో ఒకరి వాటా కోసి ఇంకొకరికి పెడుతుంది. పైకి "ఇది రియలిస్టిక్‌గా ఉండాది, అది లేదు" అని కొట్టుకుంటాం గానీ లోపల జరిగేది ఈ పంపకమే.

అష్టాచెమ్మలో లేని హౌస్ రూలా

హౌస్ రూల్ అనేది మనకి కొత్తేం కాదు. చిత్తూరులో మా అవ్వోళ్ళ ఇంట్లో అష్టాచెమ్మ ఆడితే ఎదుటోళ్ళ కాయ ఒక్కటైనా చంపకుండా లోపలి గళ్ళలోకి పోకూడదు, తిరుపతిలో మా ఇంట్లో అట్లాంటి పట్టింపే లేదు, ఇద్దరూ కలిసి ఆడిన ప్రతి సంక్రాంతికీ ఒక పంచాయితీ. ఏది అసలు రూలు అంటే ఎవరు చెప్తారు?

ఈ ఆటలో ఇంకా చిత్రం ఏందంటే 1974లో వచ్చిన మొదటి పెట్టెలో స్కిల్స్ అనే పద్ధతే లేదు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాసిన ఆ చిన్న పుస్తకాల్లో కొట్లాటకి, మంత్రాలకి రూల్స్ ఉన్నాయి గానీ "గది వెతుకుతా" అంటే ఎక్కడ వెతుకుతావో, ఎట్ల వెతుకుతావో నోటితో చెప్పాల్సిందే, డీఎం తీర్పు చెప్పాల్సిందే. 1975లో గ్రేహాక్ అనే అనుబంధంలో దొంగ పాత్ర వచ్చింది, తాళాలు తీసేదానికి, నక్కి నడిచేదానికి శాతాల లెక్క దాంతో వచ్చింది. 20 ముఖాల డైస్ ప్లస్ మాడిఫయర్ వర్సెస్ డీసీ అని అన్నిటికీ ఒకే లెక్క పెట్టింది 2000లో వచ్చిన మూడో ఎడిషన్. అంటే మొదటి పాతికేళ్ళు ఒక రకంగా చూస్తే ప్రతి టేబులూ, అంటే ఆడే ప్రతి గ్రూపూ, హౌస్ రూలే. ఇప్పటికీ పాత పద్ధతే మేలు అనే ఒక వర్గం ఉంది, నేల మీద కట్టెతో తట్టుకుంటా పోతా అని చెప్పినోడికి గొయ్యి కనపడాల, డైస్ ఎందుకు అంటారు వాళ్ళు. వాళ్ళ లెక్కలో మూడో వాటా, అంటే ఆడే మనిషిదే, పెద్దది.

20 పడితే పండగ, 1 పడితే గోవిందా

అన్నిటికంటే ఎక్కువ గొడవ దీని మీదే. ఐదో ఎడిషన్‌లో కత్తి వేటుకి, అంటే అటాక్ రోల్‌కి మాత్రమే 20 పడితే తప్పకుండా తగిలినట్టు, 1 పడితే తప్పకుండా తప్పినట్టు. చావుబతుకుల్లో వేసే డెత్ సేవ్‌కి కూడా 1కి, 20కి వేరే అర్థాలున్నాయి. స్కిల్ చెక్‌కి లేవు, 20 అంటే ఉత్త 20, దానికి మాడిఫయర్ కలుపుకోవడమే. 2022లో కొత్త రూల్స్ ప్లేటెస్ట్, అంటే ఆడి చూడమని ఇచ్చిన ముసాయిదా, మొదటి విడతలో మాత్రం అన్ని చెక్‌లకీ 20 అంటే పాస్, 1 అంటే ఫెయిల్ అని పెట్టి చూసినారు, తర్వాత వెనక్కి తీసుకున్నారు, 2024 పుస్తకంలో అది రాలా. ఆ విడత చదివి ఆగిపోయినోళ్ళు ఇప్పటికీ అదే రూలు అనుకుంటా ఉంటారు, మా గ్యాంగ్‌లోనే ఒకాయన ఉండాడు.

20 అంటే పాస్ కావాలనే వాళ్ళ మాట ఏందంటే, 20 పడినప్పుడు టేబుల్ మొత్తం లేచి నిలబడతుంది, ఆ సంతోషాన్ని "మొత్తం 19, ఫెయిల్" అని చల్లార్చడం ఎందుకు, పైగా అవ్వని పనికి డీఎం రోల్ ఎందుకు అడగాల, అడిగినాడంటేనే ఛాన్స్ ఉన్నట్టు కదా. ఇది బలమైన మాటే. దానికి అటువైపు జవాబు ఏందంటే డీఎంకి ఐదుగురి అంకెలూ గుర్తుండవు, పైగా రోల్ అయ్యాక కూడా అంకె పెరగొచ్చు. గైడెన్స్ అనే చిన్న మంత్రం ఉంది, 2014 రూల్స్‌లో అది మీద ఉంటే చెక్ వేసిన తర్వాత కూడా నాలుగు ముఖాల డైస్ వేసి కలుపుకోవచ్చు, మా బార్బేరియన్ 19కి ఒకటి కలిసినా 20 అయ్యేది. అంటే సున్నా ఛాన్స్ అనేది మంత్రం లేనప్పుడే సున్నా.

లెక్కలో చూస్తే 20 రూలు ఒక్కడికి 5 శాతం ఇస్తుంది, పెద్ద విషయం కాదు అనిపిస్తుంది. కానీ చదువు రాని నలుగురూ తలా ఒకసారి వేస్తే కనీసం ఒకరికి 20 పడే ఛాన్స్ 18.5 శాతం. అడ్వాంటేజ్ ఉంటే, అంటే రెండు డైస్ వేసి పెద్దది తీసుకునే పరిస్థితి ఉంటే, ఒక్కడికే 9.75 శాతం.

1 సంగతి ఇంకా వేరే. 20 రూలు ఇష్టపడే వాళ్ళలో కూడా చాలామందికి దీని జత నచ్చదు. 2014 రూల్స్‌లో దొంగ పాత్ర 11వ లెవెల్‌కి పోతే (2024లో అయితే 7కే) రిలయబుల్ టాలెంట్ అని ఒకటి వస్తుంది, ట్రైనింగ్ ఉన్న పనిలో 9 గానీ అంతకంటే తక్కువ గానీ పడితే దాన్ని 10 అనుకోవాల. ఎక్స్‌పర్టైజ్‌తో, అంటే ట్రైనింగ్ బోనస్ రెట్టింపై, వాడి మాడిఫయర్ +13 ఉందనుకోండి, వాడు ఎంత చెత్తగా వేసినా 23. ఇప్పుడు "1 పడితే ఫెయిల్" అనే హౌస్ రూల్ పెట్టినారంటే అదే దొంగ డీసీ 10 ఉండే మామూలు తాళం దగ్గర కూడా ఇరవైకి ఒకసారి బోల్తా. పుత్తూరులో ఎముకలకి కట్టు కట్టేవాళ్ళు ఇరవై మందికొకరికి కుడిచేయి విరిగితే ఎడమచేతికి కట్టేవాళ్ళైతే ఆ ఊరి పేరు ఇంత దూరం పాకేదా? ఈ రూలు డైస్‌కి వాటా పెంచేది నిజమే గానీ అది కోసేది ఎక్కువగా పనితనం ఉన్న పాత్ర దగ్గర్నుంచి, నాకు నచ్చనిది ఇదే.

పాత్‌ఫైండర్ అనే అన్నదమ్ముల ఆట రెండో ఎడిషన్‌లో, 2019లో, మధ్యేమార్గం పెట్టినారు. దాంట్లో డీసీని 10తో దాటితే క్రిటికల్ సక్సెస్, 10తో తగ్గితే క్రిటికల్ ఫెయిల్యూర్, 20 పడితే ఫలితం ఒక మెట్టు పైకి, 1 పడితే ఒక మెట్టు కిందికి. మా బార్బేరియన్ అంకెలు అక్కడ పెడితే, డీసీ 20కి వాడి 19 ఫెయిలు, 20 పడింది కాబట్టి ఒక మెట్టెక్కి పాస్. అదే డీసీ 30 అయితే క్రిటికల్ ఫెయిల్యూర్ నుంచి మామూలు ఫెయిల్యూర్ దాకా వచ్చి ఆగుతాడు. అలిపిరిలో 3550 మెట్లుంటే ఒక్క మెట్టు ఎక్కించి పుణ్యం ఇచ్చినట్టు.

"నేను కూడా వేస్తా": గుంపు రోల్స్, మళ్ళీ మళ్ళీ రోల్స్

ఆ రోజు మా గొడవ 20 గురించి అనుకున్నాం గానీ అసలు ప్రశ్న ఇంకోటి ఉండె, మంత్రగాడు ఫెయిలయ్యాక ఇంకొకడు ఎందుకు వేసినాడు?

ఒక తాళం డీసీ 20, ఐదుగురికీ +5 ఉందనుకోండి. ఒక్కొక్కరికి 15 పడాల, 30 శాతం. ఒకరే వేస్తే 30, ఐదుగురూ వేస్తే కనీసం ఒకరు పాసయ్యే ఛాన్స్ 83 శాతం. డీఎం "కష్టం" అని పెట్టిన పని చూస్తా చూస్తా ఈజీ అయిపాయ. ఒక్కడే మళ్ళీ మళ్ళీ వేసినా అంతే, 40 శాతం ఛాన్స్ మూడుసార్లు ఇస్తే 78 శాతం.

దీనికి టేబుల్స్‌లో రకరకాల మందులున్నాయి. ఒకటి, ట్రైనింగ్ ఉన్నోడే వేయాలి అనేది. ఇది మూడో ఎడిషన్‌లో కొన్ని స్కిల్స్‌కి పుస్తకంలోనే ఉండేది, ఐదో దాంట్లో తీసేసినారు, ఇప్పుడు హౌస్ రూలుగా తిరిగొచ్చింది. దీంతో మంత్రగాడి చదువుకి విలువ వస్తుంది, కానీ ఆ స్కిల్ ఎవరికీ లేని గ్రూప్ శాసనం ముందర గుడ్లు తేలేసి నిలబడతుంది. రెండోది, ఒక గ్రూప్‌కి ఒకటే రోల్, మిగతావాళ్ళు సాయం చేయాలి. సాయం అంటే అడ్వాంటేజ్, మంత్రగాడి 40 శాతం కాస్తా 64 అవుతుంది, చదువు రాని బార్బేరియన్ సొంతంగా డైస్ విసిరేదానికంటే దివిటీ పట్టుకోని నిలబడేదే గ్రూప్‌కి ఎక్కువ లాభం! 2024 రూల్స్‌లో సాయం చేసేవాడికి కూడా పనికొచ్చే ప్రొఫిషియన్సీ ఉండాలన్నారు, అంతకుముందే చాలా టేబుల్స్ ఇది సొంతంగా పెట్టుకున్నాయి. మూడోది టైమ్. 2014 డీఎం గైడ్‌లోనే ఉంది, చేయగలిగిన పనిని మామూలు కంటే పది రెట్లు టైమ్ తీసుకోని చేస్తే డైస్ లేకుండా పాస్. మూడో ఎడిషన్‌లో టైమ్ తీసుకోని 20 పడినట్టే అనుకునే "టేకింగ్ 20"కి ఇది తమ్ముడు. తరుముకొచ్చేవాడు లేనప్పుడు డైస్ ఎందుకు అనేది దీని లాజిక్.

నక్కి నడిచే స్టెల్త్‌లో ఇదే లెక్క తలకిందులు. ఐదుగురిలో ఒక్కరు ఫెయిలైనా అందరూ దొరికిపోతారు అంటే, తలా 60 శాతం ఉన్నా ఐదుగురూ పాసయ్యేది 7.8 శాతమే. ఇనుప చొక్కా వేసుకున్న మావాడు ఒకడు నడిస్తే పెళ్ళి బ్యాండు పోయినట్టే ఉంటుంది, వాడి వల్ల ఎవరూ ఎప్పుడూ నక్కి పోలేరు. పుస్తకంలో దీనికి గ్రూప్ చెక్ ఉంది, సగం మంది గానీ ఎక్కువ గానీ పాసైతే అందరూ పాస్. ఐదుగురిలో ముగ్గురు అయితే చాలు, ఛాన్స్ 68 శాతానికి ఎగబాకుతుంది. చాలామందికి ఈ రూలు ఉన్నట్టే తెలీదు, తెలీక దీన్నే హౌస్ రూల్ అనుకుంటారు.

గవ్వలు చెప్పే గుట్టు: ఒక డైస్, మూడు డైస్

20 ముఖాల డైస్ ఒక్కటే వేస్తే 1 పడేదానికీ, 10 పడేదానికీ, 20 పడేదానికీ ఛాన్స్ ఒకటే, 5 శాతం. దీన్ని మార్చాలనే వాళ్ళు మూడు మామూలు డైస్, అంటే లూడోలో వేసేవి, వేసి కూడుదాం అంటారు. తేడా ఏందో గవ్వలతో చెప్తే సులభం. నాలుగు గవ్వలు వేస్తారు, ఒక్కోటి నోరు పైకో కిందికో సగం సగం పడుతుందనుకుందాం (నిజం గవ్వ అంత న్యాయంగా పడదు, సరే). మొత్తం 16 రకాలుగా పడొచ్చు. వాటిలో రెండు పడేవి 6, ఒకటి పడేవి 4, మూడు పడేవి 4, చెమ్మ ఒకటే, అష్ట ఒకటే. అందుకే అష్ట పడితే ఇంట్లో కేకలు, రెండు పడితే ఎవరూ పట్టించుకోరు. ఎక్కువ గవ్వలు కలిసేకొద్దీ మధ్యలోని అంకెలు తరచుగా, కొసనున్నవి అరుదుగా పడతాయి.

మూడు డైస్ కూడినా అంతే. సగటు రెండిటికీ 10.5 ఏ, కానీ 9 నుంచి 12 మధ్య పడేది ఒక డైస్‌తో 20 శాతమైతే మూడు డైస్‌తో 48 శాతం. మంత్రగాడూ బార్బేరియనూ ఒకే శాసనం మీద పోటీ పడితే, +7కీ -1కీ తేడా 8, 20 ముఖాల డైస్‌తో బార్బేరియన్ గెలిచేది 16.5 శాతం, సుమారు ఆరింటికి ఒకటి. మూడు డైస్‌తో 2 శాతం, యాభైకి ఒకటి. ఇక్కడ పాత్ర వాటా ఒక్కసారిగా లావెక్కింది. 1986లో వచ్చిన గర్ప్స్ అనే ఆట మొదట్నుంచీ మూడు డైస్‌తోనే నడుస్తుంది, దాని అభిమానులు ఈ లెక్కనే చూపిస్తారు.

అయితే దీంట్లో ఒక తిరకాసుంది. డీసీలు అట్లే ఉంచి డైస్ మాత్రం మార్చితే మంత్రగాడికి డీసీ 15 పని 65 నుంచి 84 శాతానికి పోతుంది, డీసీ 20 పని మాత్రం 40 నుంచి 26కి పడిపోతుంది. ఈజీవి ఇంకా ఈజీ, కష్టమైనవి ఇంకా కష్టం. +1 ఇచ్చే చిన్న వస్తువు కూడా మధ్యలో ఉన్నోడికి బంగారం, కొసనున్నోడికి ఇత్తడి అయిపోతుంది. అంతా పోతే పోనీ, నాట్ 20 అనే మాటే ఉండదు, మూడు ఆరులు కలిసి పడేది 216కి ఒకసారి. మేము రెండు వారాలు ఇట్ల ఆడినాం. లెక్క బాగుండె, చప్పట్లు తగ్గినాయి, అందరూ ఏదో ఆఫీస్‌లో అటెండెన్స్ వేసినట్టు డైస్ వేస్తా ఉండారు.

నోరున్నోడిదే రాజ్యమా

బేరాలు, బతిమిలాడేది, బెదిరించేది, వీటిదంతా ఒక వేరే లోకం. మా గ్యాంగ్‌లో ఒకడు రైల్వే స్టేషన్ దగ్గర ఆటోవాళ్ళతో బేరమాడితే చూసేదానికి జనం ఆగుతారు, వాడి పాత్ర మాట తీరు 8. ఇంకొకమ్మాయి నలుగురిలో నోరు విప్పదు, ఆమె పాత్ర బార్డ్, అంటే పాటలతో మాటలతో నెగ్గుకొచ్చేది, మాట తీరు 18. ఎవరి మాటకి గార్డ్ గేటు తీయాల?

నోటితో నటించి చూపించు, బాగుంటే డైస్ అక్కర్లేదు అనే టేబుల్స్ ఉన్నాయి. ఆట జీవం మాటల్లోనే ఉంది, డైస్ వేసి "ఒప్పించినా" అంటే కథ ఏముంది అనేది వాళ్ళ వాదన. దీనికి ఎదురు మాట ఈ ఆట ఆడే ప్రతి ఊర్లోనూ వినపడేదే, బార్బేరియన్ ఆడేవాణ్ణి గ్యాస్ సిలిండర్ ఎత్తి చూపించమని ఎవరూ అడగరు కదా, బార్డ్ ఆడే ఆమెను మాత్రం మాట్లాడి చూపించమనడం ఏం న్యాయం? ఆటో బేరాల వాడు 8 రాసుకోని 18 లాగ బతుకుతాడు, ఆమె 18కి పెట్టిన పాయింట్లు గంగలో కలిసినట్టే.

మధ్యలో ఒక పద్ధతి చాలా చోట్ల నడుస్తుంది. ఎట్ల చెప్పినావనేది వదిలి ఏం చెప్పినావనేది చూస్తారు. ఆమె "నా పాత్ర ఆ గార్డ్‌కి మూడు నెలలుగా జీతం రాలేదన్న మాట మెల్లగా ఎత్తుతుంది" అంటే చాలు, గొంతు మార్చక్కర్లేదు, ఆ పాయింట్‌కి డీఎం డీసీ 15ని 10 చేస్తాడు. +5 ఉన్నోళ్ళకి అది 55 నుంచి 80 శాతం. డీసీ ముట్టుకోకుండా అడ్వాంటేజ్ ఇచ్చినా 79.75, అంటే ఇంచుమించు అదే. ఏది ఇవ్వాలని మా డీఎం ఒక పూట తల పట్టుకున్నాడు, లెక్క చూపించినాక టీ తాగి పడుకున్నాడు. అయితే ఈ సమానం మధ్య అంకెల దగ్గరే. 20 పడితేనే పాస్ అనే చోట అడ్వాంటేజ్ 5ని 9.75 చేస్తుంది అంతే, డీసీ 5 తగ్గిస్తే అది 30 అవుతుంది.

చిన్న హౌస్ రూల్ ఇంకోటి, బెదిరించేదానికి మాట తీరు బదులు బలం వాడుకోవచ్చా అనేది. 2014 పుస్తకంలో ఇది ఐచ్ఛికంగా రాసే ఉంది, ఎవరూ కనిపెట్టక్కర్లేదు.

రెండు మంచి రూల్స్ కలిస్తే

విడివిడిగా చూస్తే ప్రతి హౌస్ రూలూ ముద్దుగానే ఉంటుంది. కలిపితేనే తెలుస్తుంది. "1 పడితే ఫెయిల్" ఉంది, "స్టెల్త్‌కి అందరూ పాస్ కావాల" కూడా ఉంది అనుకోండి. ఐదుగురూ ఆరితేరిన దొంగలే, ఎవరికీ మామూలుగా ఫెయిలయ్యే ఛాన్సే లేదు. అయినా ఐదు డైస్‌లో కనీసం ఒకటి 1 పడేది 22.6 శాతం. రాజ్యంలోనే పేరుమోసిన దొంగల ముఠా నాలుగైదు ఇళ్ళకొకసారి గిన్నెల మీద పడి దొరికిపోతుంది. అట్లే "20 అంటే పాస్", "ఎవరైనా ఎన్నిసార్లైనా వేయొచ్చు" కలిస్తే డీసీకి అర్థమే లేదు, ఓపిక ఉంటే చాలు. మూడు డైస్ పద్ధతి మీద మళ్ళీ 18కి క్రిటికల్ పెట్టుకున్నోళ్ళు కూడా ఉండారు, వాళ్ళ టేబుల్‌లో ఆ పండగ వచ్చేలోపల పిల్లలు పెద్దోళ్ళవుతారు.

ఫెయిల్ అంటే ఏం జరగాల

అన్నిటికంటే తక్కువ మాట్లాడుకునేది ఇదే, నా దృష్టిలో ఎక్కువ తేడా తెచ్చేదీ ఇదే. "తాళం రాలేదు. ఇప్పుడేం చేస్తారు?" అని డీఎం అంటే కథ అక్కడే కూలబడుతుంది, అందుకే అందరూ మళ్ళీ వేస్తామంటారు. ఫెయిలైనా ఏదో ఒకటి మారాలి అనేది కొత్త ఆటల దారి. 2010లో వచ్చిన అపోకలిప్స్ వరల్డ్‌లో రెండు డైస్ వేస్తారు, 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే పూర్తి సక్సెస్, 7 నుంచి 9 అయితే పని అవుతుంది కానీ ఏదో ఒకటి చెల్లించుకోవాల, 6 లోపల అయితే డీఎం చేతిలో పడినట్టే. మాడిఫయర్ ఏమీ లేకుండా లెక్కేస్తే వరసగా 17, 42, 42 శాతం. అంటే ఆ ఆటలో పని అయినప్పుడు ఎక్కువగా జరిగేది "అయింది, కానీ...".

డీఎన్‌డీలో కూడా దీనికి తలుపు తెరిచే ఉంది. 2014 డీఎం గైడ్‌లో ఐచ్ఛికంగా, డీసీకి 1 గానీ 2 గానీ తగ్గితే ఏదో నష్టంతో పని అయినట్టు, 5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ తగ్గితే గట్టి దెబ్బ అని పెట్టుకోవచ్చు. కోట గోడ ఎక్కే దొంగకి +6, డీసీ 15 అనుకోండి. 9 నుంచి పైకి పడితే ఎక్కేసినాడు, 60 శాతం. 7, 8 పడితే ఎక్కినాడు గానీ తాడు కింద పడిపోయింది, 10 శాతం. 5, 6 పడితే ఎక్కలేకపోయినాడు, ఇంకో 10. 4 లోపల అయితే జారి కింద పడి కాపలావాళ్ళు లేస్తారు, 20 శాతం. అదే డైస్, అదే డీసీ, కానీ కథకి రెండు దారులు పోయి నాలుగు వచ్చినాయి. దీన్ని వద్దనే వాళ్ళ మాట కూడా వినాల్సిందే, ప్రతి రోల్‌కీ అప్పటికప్పుడు ఒక నష్టం కల్పించేది డీఎంకి నరకం, ఆడేవాళ్ళకి కూడా "ఒక్కసారైనా సాఫీగా అవ్వనీరా" అనిపిస్తుంది. ఫెయిల్ అనే మాటకి కొంత పదును ఉండాల కూడా.

ఆ రోజు మా మిద్దె మీద చివరికి తేలింది ఈ రూల్‌తోనే. బార్బేరియన్ మొత్తం 19, డీసీ 20, తగ్గింది ఒకటే. మా డీఎం పుస్తకంలో ఆ పేజీ తీసి చూపించి, "పని అయింది, కానీ ఊరికే కాదు" అన్నాడు. వాడు అక్షరాలు చదవలా, గొడ్డలి పట్టే వేలితో గోడ మీద గీతలు తడుముకుంటా పోతే ఒక రాయి లోపలికి దిగింది, తలుపు సగం తెరుచుకుంది, పైన బురుజులో ఎవరూ ముట్టకుండానే గంట మోగింది. 20 వాళ్ళకి తలుపు దొరికింది, పుస్తకం వాళ్ళకి ఫెయిల్ దొరికింది. మంత్రగాణ్ణి ఆడేవాడు మాత్రం ఇంకా ఒప్పుకోలేదు, మిగతా సగం శాసనం వచ్చే ఆదివారం పది రెట్లు టైమ్ తీసుకోని డైస్ లేకుండా చదువుతానంటా ఉండాడు. గంట మోగిన కోటలో అంత టైమ్ ఎవరిస్తారని డీఎం నవ్వుతా ఉండాడు.